తెలివితక్కువతనం ఎవరి హక్కు? మంకీ ఐలాండ్ ఆటల్లో ఎలైన్

2002 వేసవి సెలవులు. ఉక్కునగరం క్వార్టర్లో ఉండే మా పెదనాన్నగారింట్లో కొత్తగా కంప్యూటర్ కొన్నారు. అన్నయ్య ఎక్కడినుంచో ఒక సీడీ తెచ్చాడు. వందదాకా పాత ఆటలున్నాయి అందులో, అన్నీ దొంగ కాపీలే. వాటిలో ఒకటి ఓడదొంగల ఆట. మౌస్ అన్నయ్య చేతిలో ఉండేది, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు నా చేతిలో ఉండేది. తెరమీద మనుషులు మాట్లాడుకునే మాటలకి అర్థం చెప్పడం, ఏ వస్తువు ఎక్కడ దొరికిందో నోటుబుక్కులో రాసిపెట్టడం నా పని. ఆడడం అతని పని.

ఆ ఆటలో మధ్యలో గిలక ఉన్న రబ్బరు కోడి ఒకటి దొరుకుతుంది. దాంతో ఏం చెయ్యాలో రెండు రోజులు ఇద్దరికీ తోచలేదు. మూడో రోజు నాకు అమ్మమ్మగారి ఊళ్ళో నూతి గిలక గుర్తొచ్చింది. "అన్నయ్యా, గిలక ఉందంటే తాడుమీద జారడానికే కదా, ఆ ద్వీపానికి కట్టిన తీగమీద పెట్టి చూడు" అన్నాను. "నువ్వుండవే, నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు. పెట్టాడు. కథానాయకుడు కోడిని పట్టుకుని తీగమీద జారుకుంటూ అవతలి ద్వీపానికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దమ్మతో అన్నయ్య చెప్పిన కథలో నేను లేను. నిఘంటువూ లేదు.

ఆ ఆట పేరు 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'. 1990లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ విడుదల చేసింది. 2022 వరకూ దాని వరసలో ఆరు ఆటలొచ్చాయి. హాస్య సాహస ఆటల చరిత్ర ఎవరు చెప్పినా దీని పేరు చెప్పకుండా ముందుకి వెళ్ళరు. అపహరణకి గురైన స్త్రీని వీరుడు విడిపించడమనే పాత కథని తలకిందులు చేసిన ఆటగా దీన్ని మెచ్చుకోవడం కూడా మామూలే. ఆ మెప్పు నిజమే. కానీ అది ఎంతవరకు నిజం? కథలో అంత తెలివైన స్త్రీని పెట్టిన ఈ ఆరు ఆటలూ ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెని ఆడుకునే వీలు మనకెందుకు ఇవ్వలేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ తరహా ఆటలు తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇవి కాల్పులూ పరుగులూ ఉండే ఆటలు కావు. ఒక రకంగా చదువుకునే ఆటలు. తెరమీద ఒక బొమ్మ, అందులో మన మనిషి. అతన్ని అక్కడికీ ఇక్కడికీ నడిపిస్తూ, వస్తువులు పోగుచేసి, మనుషులతో మాట్లాడి, చిక్కుముడులు విప్పుకుంటూ పోతే కథ సాగుతుంది. బొమ్మలున్న సాహస ఆటల్లో మొదటిదిగా చెప్పుకునే 'మిస్టరీ హౌస్'ని 1980లో రూపొందించింది రాబర్టా విలియమ్స్ అనే స్త్రీ. అప్పట్లో ఏం చెయ్యాలో మాటల్లో టైపు చెయ్యాల్సి వచ్చేది. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ కలిసి తీసుకొచ్చిన 'మేనియాక్ మేన్షన్' ఆ ఇబ్బంది తొలగించింది. తెర కింద క్రియాపదాల పట్టిక ఉంటుంది. ఒక క్రియని నొక్కి, తర్వాత ఒక వస్తువుని నొక్కితే వాక్యం తయారవుతుంది. మంకీ ఐలాండ్ మొదటి ఆటలో ఆ క్రియలు పన్నెండు. తెరువు, మూయి, తొయ్యి, లాగు, తీసుకో, ఇవ్వు, చూడు, మాట్లాడు ఇలాంటివి.

వ్యాకరణం చదువుకున్న వాళ్ళకి ఇక్కడ ఒక విషయం తట్టాలి. క్రియ తెరమీద కనిపిస్తుంది, కర్మ తెరమీద కనిపిస్తుంది, కర్త మాత్రం కనిపించదు. ఇంగ్లీషులో విధ్యర్థక క్రియకి లింగం లేదు కాబట్టి కర్త ఎవరైనా కావచ్చనిపిస్తుంది. కానీ ఆ వాక్యం పూర్తవగానే కదిలేది ఒక్కడే, గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రవాడు. అదే తెలుగులో జరిగిన పనిగా చెబితే దాచడం కుదరదు. తెరిచాడు, తీసుకున్నాడు, తోశాడు అని క్రియ చివరే కర్త బయటపడిపోతాడు.

ఈ గైబ్రష్‌కి ఓడదొంగ కావాలని కోరిక. ఎక్కడినుంచి వచ్చాడో తెలీదు, ఏ పనీ రాదు. బొమ్మలు గీసే ప్రోగ్రాములో ఇంకా పేరు పెట్టని ఈ కుర్రవాడి బొమ్మని దాచుకున్న ఫైలు పేరు 'గై బ్రష్'. అదే ఇతని పేరైపోయింది. పేరులోనే వీరత్వం లేదన్నమాట. మెలే ద్వీపానికి గవర్నరు ఎలైన్ మార్లీ. దయ్యమైపోయిన ఓడదొంగ లెచక్ ఆమెని ప్రేమించి ఎత్తుకుపోతాడు. గైబ్రష్ ఓడ సంపాదించి, ముగ్గురు సిబ్బందిని వెంటబెట్టుకుని విడిపించడానికి బయల్దేరతాడు. ఇంతవరకూ మనకి తెలిసిన కథే. చివర్లో లెచక్ చర్చిలో పెళ్ళికి సిద్ధమవుతాడు. గైబ్రష్ పరిగెత్తుకొచ్చి పెళ్ళి ఆపుతాడు. తీరా చూస్తే పెళ్ళికూతురి దుస్తుల్లో ఉన్నవి రెండు కోతులు! అసలు ఎలైన్ తనని తాను ఎప్పుడో విడిపించుకుంది, లెచక్‌ని వదిలించుకునే ఉపాయం కూడా వేసుకుంది. ఈ మహావీరుడు సరిగ్గా అప్పుడే వచ్చిపడి దాన్ని పాడుచేశాడు.

ఆ ఘట్టం దగ్గర అన్నయ్య మొహం మాడిపోయింది. నెల్లాళ్ళు పడ్డ కష్టమంతా దండగా అన్నాడు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఎందుకంత నవ్వానో అప్పుడు తెలీదు. చాలా ఏళ్ళ తర్వాత పరిశోధన కోసం 'కన్యాశుల్కం' మళ్ళీ చదువుతున్నప్పుడు తెలిసింది. లుబ్ధావధాన్లు కట్టుకున్న పెళ్ళికూతురు కూడా ఆడపిల్ల కాదు, ఆడవేషం కట్టిన కరటకశాస్త్రి శిష్యుడు. ఆడదాన్ని సొత్తుగా చూసే వాడికి ఆ సొత్తు స్థానంలో ఇంకేదైనా చుట్టబెట్టి ఇస్తే తేడా తెలీదు. ముసిలి లుబ్ధావధాన్లుకి మగపిల్లవాడు, దయ్యం లెచక్‌కి రెండు కోతులు. రెండు చోట్లా వధువు మొహం ఎవరికీ పట్టలేదు కాబట్టే ఎత్తు పారింది.

హాస్యం ఎవరిమీద విసురుతున్నారన్నది స్త్రీవాద విమర్శ మొట్టమొదట అడిగే ప్రశ్న. ఆ లెక్కన ఈ ఆటకి మంచి మార్కులే పడతాయి. నవ్వంతా గైబ్రష్ మీదే. ఎలైన్ ఎదురుపడగానే అతనికి మాట రాదు. మనం ఎంత చక్కటి వాక్యం ఎంచినా అతని నోట్లోంచి వచ్చేది తడబాటే. ఊళ్ళో అందరికంటే గొప్ప కత్తియోధ కార్లా అనే స్త్రీ. ఆమెని గెలవడానికి చేతిబలం పనికిరాదు. ఈ ఆటలో కత్తియుద్ధం అంటే తిట్ల యుద్ధం. ఎదుటివారి తిట్టుకి సరైన జవాబు తెలిసినవారిదే గెలుపు. అష్టావధానంలో అప్రస్తుతప్రసంగి విసిరిన మాటకి అవధాని చటుక్కున అంటించే జవాబు లాంటిదే ఇది. కండని మాటగా మార్చడంలోనే మగతనపు వీరగాథని ఆట సగం ఎగతాళి చేసేసింది.

అయినా ఒకటి గమనించాలి. ఎలైన్ ఉపాయం పాడైపోయాక లెచక్‌ని అంతం చేసేదెవరు? గైబ్రషే. దయ్యాల్ని మాయంచేసే పానీయం అనుకోకుండా దొరికి, అతని చేతిలోనే పని జరుగుతుంది. ఉపాయం ఆమెది, చివరి క్రియ అతనిది.

ఇక్కడ నాకు మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం గుర్తొస్తుంది. కాంతం కథల్లో తెలివి కాంతానిది, మాటకారితనం కాంతానిది, ఓడిపోయేది ప్రతిసారీ భర్తే. మనం నవ్వేదీ అతన్ని చూసే. కానీ కథ చెప్పే 'నేను' కూడా అతనే. భార్య చేతిలో ఓడిపోవడాన్ని కూడా తన కథగా చెప్పుకునే సౌకర్యం భర్తకుంది. తన గెలుపుని చెప్పుకునే చోటు కాంతానికి లేదు. పురుషుణ్ణి ఎగతాళి చెయ్యడం వేరు, స్త్రీ చేతికి కథనం ఇవ్వడం వేరు. మొదటిదాన్ని చూసి రెండోది జరిగిపోయిందనుకోవడం మనం తరచూ చేసే పొరపాటు. మంకీ ఐలాండ్‌ని మెచ్చుకునేవాళ్ళు చేస్తున్నదీ అదే.

రెండో ఆట 'లెచక్స్ రివెంజ్' 1991లో వచ్చింది. అప్పటికి ఎలైన్ అతన్ని వదిలేసింది, ఇంకో ద్వీపంలో ఉంది. ఆమె ఇంట్లో జరిగే వేషాల విందుకి వెళ్ళడానికి గైబ్రష్ ఆడవాళ్ళ గౌను తొడుక్కుంటాడు. అందరూ నవ్వుతారు. 'కన్యాశుల్కం' చివర్లో, మా విశాఖపట్నంలోనే, మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆ వేషం ఆమెకి ఒక గుమ్మం తెరుస్తుంది. వేశ్యగా తనకి ప్రవేశం లేని చోట మనిషిగా మాట్లాడే వీలిస్తుంది. గైబ్రష్ గౌనుకీ మధురవాణి మగవేషానికీ తేడా అదే. అతని వేషం తీసేస్తే పోయేదేమీ లేదు. ఆమె వేషం బయటపడితే పోయేది చాలా ఉంది.

అదే ఆటలో కేట్ కాప్సైజ్ అనే పడవ యజమానురాలు ఉంది. తన పడవ వ్యాపారం కోసం కరపత్రాలు పంచుకుంటూ ఉంటుంది. గైబ్రష్‌ని పట్టుకోమని గోడమీద అంటించిన ప్రకటన మీద మనం ఆమె కరపత్రం అంటిస్తాం. అతని బదులు ఆమెని జైల్లో పెడతారు. జైల్లోంచి ఆమె వస్తువు ఒకటి మనకి కావాలి, అందుకోసం ఇదంతా. నిర్దోషి అయిన ఒక కష్టజీవిని జైలుపాలు చెయ్యడం ఇక్కడ చిక్కుముడికి పరిష్కారం! మొదటిసారి ఆడినప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆడితే కూడా నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు వెనక కేట్ నోటు పుస్తకంలో ఆ రోజు ఏం రాసుకుని ఉంటుందా అనిపిస్తుంది. అమాయకుడైన కథానాయకుడి పొరపాట్లకి ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న లెక్క ఆట వేయదు.

రాన్ గిల్బర్ట్ సంస్థ వదిలి వెళ్ళిపోయాక, 1997లో జొనాథన్ అక్లీ, ల్యారీ అహెర్న్ నాయకత్వంలో మూడో ఆట 'ది కర్స్ ఆఫ్ మంకీ ఐలాండ్' వచ్చింది. అంతవరకూ తెరమీద అక్షరాలుగా మాట్లాడిన పాత్రలకి మొదటిసారి గొంతు వచ్చింది దీనితోనే. ఎలైన్‌కి అలెగ్జాండ్రా బోయిడ్ గొంతిచ్చింది. మొదట్లోనే లెచక్ ముట్టడిని ఎదుర్కొంటూ కోటమీద నిలబడి పోరాడుతుంది. ఆ వెంటనే గైబ్రష్ ఆమె వేలికి తనకి దొరికిన ఉంగరం తొడుగుతాడు. అది శాపం తగిలిన ఉంగరం. ఎలైన్ బంగారు విగ్రహం అయిపోతుంది. ఆ విగ్రహాన్ని ఎవరో ఎత్తుకుపోతారు. ఇక ఆటలో చాలా భాగం ఆ విగ్రహాన్ని వెతకడం, వేరే ఉంగరం సంపాదించడం. గొంతు వచ్చిన ఆటలోనే ఆమె మూగదైపోయింది.

తెలుగులో ఈ సంగతి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 'విగ్రహం పోయింది', 'ఎలైన్ పోయింది'. రెంటికీ ఒకే క్రియ. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ ఒకే క్రియారూపం వాడే భాష మనది. మన వ్యాకరణం సహజంగా చేసేదాన్ని ఆ ఆట మంత్రం వేసి చేసింది, అంతే తేడా. పెళ్ళి ప్రస్తావనతోనే స్త్రీ బంగారు బొమ్మ కావడం మనకి కొత్త విషయం కాదు కూడా. ఈ ఆటలో పన్నెండు క్రియలు మూడు బొమ్మలకి కుదించుకుపోయాయి. చెయ్యి, కన్ను, నోరు. కర్త అతనే.

2000లో వచ్చిన నాలుగోది 'ఎస్కేప్ ఫ్రమ్ మంకీ ఐలాండ్'. కొత్త దంపతులు తిరిగొచ్చేసరికి ఎలైన్ చనిపోయినట్టు ప్రకటించేశారు. గవర్నరు భవనాన్ని కూల్చే పని మొదలైంది, ఎన్నికలు ప్రకటించారు. ఎలైన్ బతికే ఉన్నానని నిరూపించుకుంటూ, మళ్ళీ ఎన్నికల్లో నిలబడుతుంది. ఎంత బాగుంటుంది ఆ కథ! పెళ్ళి చేసుకుని నాలుగు నెలలు ఊళ్ళో లేకపోతే ఆడది పదవికి చచ్చిపోయినట్టే లెక్క అన్నది ఎంతమంది ఉద్యోగినుల అనుభవం! కానీ ఆ ప్రచారం మనం చెయ్యం. ఆమె ఊళ్ళో ప్రచారం చేసుకుంటూ ఉంటే మనం గైబ్రష్‌గా లాయర్ల కోసం ఇంకో ద్వీపానికి వెళతాం. రాజకీయం ఆమెది, ఆట అతనిది.

సముద్రం సాహసానికి, రేవు సంసారానికి అన్న పంపకం ఓడల కథలన్నింట్లో ఉంది. రేవు పట్నంలో పెరిగినదాన్ని కాబట్టి ఆ పంపకాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. తెల్లవారుజామున మా ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి చూడండి. వేటకి వెళ్ళేది మగవాళ్ళే. కానీ ఒడ్డుకొచ్చిన చేప డబ్బుగా మారేది ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లోనే. పాటలో ధర పెంచేది, గంప నెత్తికెత్తుకునేది, వీధి వీధీ తిరిగి అమ్మేది జాలరి ఆడవాళ్ళు. తుఫానులో చిక్కుకున్న పడవ కథ నలుగురూ చెప్పుకుంటారు. ఆ రోజు ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్న కథ ఎవరూ అడగరు. ఎలైన్ ద్వీపాన్ని ఎలా పాలించిందో మనకి తెలియకపోవడం అలాంటిదే.

2009లో టెల్‌టేల్ సంస్థ 'టేల్స్ ఆఫ్ మంకీ ఐలాండ్'ని జూలై నుంచి డిసెంబరు దాకా అయిదు భాగాలుగా ఇచ్చింది. మొదటి ఆట రచయితల్లో ఒకడైన డేవ్ గ్రాస్‌మన్ దీని రూపకల్పనకి పెద్ద. ఇందులో మోర్గాన్ లెఫ్లే అనే కొత్త స్త్రీ పాత్ర వచ్చింది. ఓడదొంగల్ని వేటాడేది, కత్తిలో దిట్ట. ఆమెనీ మనం బయటినుంచి చూస్తాం తప్ప లోపలినుంచి కాదు. ఎలైన్ మళ్ళీ లెచక్ మంత్రంలో చిక్కుకుంటుంది. తర్వాత డిస్నీ సంస్థ 2012లో లూకాస్‌ఫిల్మ్‌ని కొనేసింది. 2013లో లూకాస్‌ఆర్ట్స్‌లో ఆటల తయారీ ఆపేశారు. మంకీ ఐలాండ్ కథ అక్కడితో సరి అనుకున్నారంతా. 2022 సెప్టెంబరులో గిల్బర్ట్, గ్రాస్‌మన్ కలిసి 'రిటర్న్ టు మంకీ ఐలాండ్' తెచ్చారు.

అందులో ఎలైన్ నిమ్మకాయలు పంచుతూ ఓడవాళ్ళకి వచ్చే స్కర్వీ వ్యాధి మీద ఉద్యమం నడుపుతుంది. కార్లా మెలే ద్వీపానికి గవర్నరు అయింది. గైబ్రష్ ఇంకా ఆ మంకీ ఐలాండ్ రహస్యం కోసమే తిరుగుతున్నాడు. కథంతా అతను తన కొడుకుకి చెబుతున్న కథ. ఆ వెతుకులాటలో అతను దారిపొడవునా మిగిల్చిన నష్టాల గురించి ఎలైన్ మెల్లగా, నొప్పించకుండా అడిగే సంభాషణ ఒకటుంది. ఈ వరస మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే. కేట్ కాప్సైజ్ జైలు లెక్క ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరో ఒకరు వేశారనిపించింది. కానీ ఆ లెక్క అడిగేది కూడా భార్యే కావాలా? క్షమించేదీ ఆమే కావాలా?

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఎలైన్‌ని మనం ఎందుకు ఆడలేం? అప్పటి సాంకేతిక పరిమితి అనడానికి లేదు. మంకీ ఐలాండ్ కంటే ముందే, 1988లో, రాబర్టా విలియమ్స్ 'కింగ్స్ క్వెస్ట్' నాలుగో ఆటలో రోజెల్లా అనే అమ్మాయిని నాయికగా పెట్టింది. అల్ లో తయారుచేసిన 'లీజర్ సూట్ ల్యారీ' వరస ఆడవాళ్ళ వెంట పడే మగవాడి వెకిలి హాస్యానికి పేరుమోసింది. 1989లో వచ్చిన దాని మూడో భాగంలో సగం నుంచి మనం ప్యాటీ అనే స్త్రీగా ఆడతాం. అంత వెకిలి ఆటకి సాధ్యమైంది, ఇంత మర్యాద గల ఆటకి సాధ్యం కాలేదు. ఎందుకు?

నాకు తోచిన కారణం ఇది. ఈ తరహా హాస్యానికి మూర్ఖుడు కావాలి. ఆడేవాళ్ళ పని ఏమిటి? ప్రతి వస్తువునీ ప్రతి దానిమీదా ప్రయోగించి చూడడం. కోడిని తీగమీద, కుండని నెత్తిమీద. వందసార్లు తప్పు చేస్తే ఒకసారి ఒప్పవుతుంది. ఆ వంద తప్పుల్లోనే హాస్యం ఉంది. పోటీ సంస్థ సియెరా ఆటల్లో తప్పు చేస్తే చచ్చిపోయేవాళ్ళు. అలా ఉండకూడదని గిల్బర్ట్ 1989లో ఒక వ్యాసమే రాశాడు. అందుకే మంకీ ఐలాండ్‌లో గైబ్రష్ కొండమీంచి పడినా రబ్బరు చెట్టుమీద పడి ఎగిరి మళ్ళీ పైకొస్తాడు. తప్పు చేసినా చావని లోకం అది. ఆ లోకంలో తిరగడానికి అర్హత తెలివి కాదు, తెలివితక్కువతనం.

ఎలైన్‌కి ఆ అర్హత లేదు. ఆమెని అంత సమర్థురాలిగా రాశారు కాబట్టి ఆమె పొరపాటు చెయ్యకూడదు. పొరపాటు చెయ్యని మనిషితో ఈ ఆట ఆడలేం. తెలివైనదన్న మెప్పే ఆమెని ఆటలోంచి బయట నిలబెట్టింది. ఇది మనకి తెలియని సంగతా? ఆడపిల్ల తెలివైనదైతేనే బడికి, నెమ్మదస్తురాలైతేనే హాస్టలుకి, మార్కులొస్తేనే పై చదువుకి. ఒక్కసారి తప్పితే ఇంటికి. మా ఇంట్లో అన్నయ్య కంప్యూటరు రెండుసార్లు పాడుచేశాడు, బాగుచేయించారు. నేను ముట్టుకుంటే పాడవుతుందని ముందే చెప్పారు. చేసిన తప్పుకి అతనికి మరమ్మతు దొరికింది, చెయ్యని తప్పుకి నాకు నిఘంటువు దొరికింది.

మన సాహిత్యంలోనూ ఈ లెక్కే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టర్ పార్వతీశం 1924లో మొగల్తూరునుంచి ఇంగ్లండు దాకా ఏమీ తెలియకుండానే వెళ్ళగలిగాడు. అతని అజ్ఞానాన్ని చూసి మూడు తరాలు ప్రేమగా నవ్వుకున్నాయి. అదే అజ్ఞానంతో ఒక అమ్మాయి ఓడెక్కితే అది హాస్య నవల అయ్యేదా? హెచ్చరిక అయ్యేది. భానుమతీ రామకృష్ణగారి 'అత్తగారి కథలు' నాకందుకే ముఖ్యమనిపిస్తాయి. అక్కడ తెలివితక్కువ పనులు చేసేదీ స్త్రీయే, కథ చెప్పేదీ స్త్రీయే. అత్తగారి చాదస్తానికి శిక్ష లేదు, కోడలు దాన్ని చూసి నవ్వుతూనే ప్రేమిస్తుంది. మూర్ఖత్వమూ కథనమూ రెండూ ఆడవాళ్ళ చేతిలో ఉన్న లోకం అది.

మంకీ ఐలాండ్ రచయితలకి ఇది చేతకాలేదని కూడా అనలేం. మొదటి ఆట రాసినవాళ్ళలో టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ఇద్దరే 1993లో 'డే ఆఫ్ ది టెంటకిల్' చేశారు. అందులో ముగ్గురు ఆడదగ్గ పాత్రల్లో ఒకతె లావెర్న్, వైద్య విద్యార్థిని. చూపు ఒకచోట, మనసు ఒకచోట. రెండువందల ఏళ్ళ తర్వాతి కాలంలోకి వెళ్ళిపడి, అక్కడ చెయ్యని తిక్కపని లేదు. అందంగా ఉండదు, సమర్థురాలు కాదు, ఎవరికీ ప్రియురాలు కాదు. ఆమెని ఆడొచ్చు. ఎలైన్‌ని ఆడలేం. కథానాయకుడి ప్రేమకి పాత్రురాలైన స్త్రీ తిక్కగా ఉండకూడదు. తిక్కగా ఉండే స్త్రీకి మాత్రమే క్రియాపదాలు దొరుకుతాయి. ఆ రెంటి మధ్యా మనం ఎన్నుకోవాలన్నమాట.

కాబట్టి స్త్రీ పాత్రని బలంగా రాశారా లేదా అని కొలవడం ఇక చాలదనుకుంటాను. బలం కూడా బంగారు విగ్రహంలాంటిదే కావచ్చు. ఆమెకి తప్పు చేసే వీలుందా, చేశాక లేచి నిలబడే వీలుందా, ఆ తప్పుని తనే కథగా చెప్పుకునే చోటుందా అని అడగాలి. ఆటలకే కాదు, మనం రాసే కథలకీ నవలలకీ కూడా. మన నాయికలు చాలామంది మరీ తెలివైనవాళ్ళు. వాళ్ళని అలా రాయడంలో మనకి మనమే ఎంత భయపడుతున్నామో చూసుకోవాలి.

2001లో మొదలైన స్కమ్‌వీఎమ్ అనే ఉచిత ప్రోగ్రాము పుణ్యమా అని ఆ పాత ఆటలు కొత్త కంప్యూటర్లమీదా నడుస్తున్నాయి. మొన్న సంక్రాంతికి అన్నయ్య కూతురు మా ఇంటికొచ్చింది. పదకొండేళ్ళది. మొదటి ఆట కొనిపెట్టాను, ఈసారి దొంగ కాపీ కాదు. మౌస్ దాని చేతిలోనే ఉంచాను, నిఘంటువు నేను పట్టుకోలేదు. ఆటలో ఒకచోట గైబ్రష్‌ని ఒక విగ్రహానికి కట్టి సముద్రంలో పడేస్తారు. చుట్టూ కత్తులూ కత్తెర్లూ, ఏదీ చేతికందదు. ఆ విగ్రహాన్ని చేత్తో ఎత్తుకుని నడిచి పైకొచ్చేస్తే సరి. అతను పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలడు. చెబుదామని నోరు తెరిచాను.

"నువ్వు చెప్పకత్తా. పది నిమిషాలు దాటితే ఏమవుతుందో చూడాలి" అంది.

నిజంగానే పది నిమిషాలు కూచుంది, పకోడీలు తింటూ. అతను చచ్చిపోయాడు. ఈ ఆటలో అతను చావగలిగే చోటు అదొక్కటే. తెర కింద క్రియాపదాలు మారిపోయాయి. తేలు, ఊగు, ఉబ్బు, కుళ్ళు. నేను ఇన్నేళ్ళలో వాటిని ఎప్పుడూ చూడలేదు. అవి ఉన్నాయని చదివానంతే. తప్పని తెలిసిన పని చెయ్యడం నాకు తట్టలేదు. అది మాత్రం ఒక్కో క్రియనీ నొక్కి చూస్తూ, పడీ పడీ నవ్వుతూ, "మళ్ళీ మొదట్నించీ ఆడతాను" అంది.